ఇరవై నిమిషాలు చాలు, కానీ ఆ ఇరవై నిమిషాలు ఎవరిస్తారు?

రాత్రి పది దాటాక నా ఫోనుకు వచ్చే మెసేజ్‌ల్లో ఎక్కువ భాగం తల్లిపాలు తీసే పంపు గురించి ఒకటే ప్రశ్న. "అక్కా, పంపు ఎంతసేపు పెట్టుకోవాలి?" కొందరు దానికి ఇంకో ముక్క తగిలిస్తారు. "ముప్పావు గంట కూర్చున్నా సీసా అడుగు దాటలేదక్కా, నాకు పాలు లేవేమో." నేను తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పసిబిడ్డల వార్డు నర్సును, ఇద్దరు పిల్లల తల్లిని కూడా. ఒక్కొక్కరికీ విడివిడిగా టైపు చేసే ఓపిక అయిపోయింది కాబట్టి ఇక్కడ ఒకేసారి రాస్తున్నా. కాస్త కోపంగానే రాస్తాను, ఏమనుకోవద్దు.

ముందు జవాబు. రెండు వైపులా ఒకేసారి పెట్టుకునే కరెంటు పంపు అయితే పదిహేను నుంచి ఇరవై నిమిషాలు. ఒక్కో వైపే పెట్టుకునేదైతే వైపుకు పది, మహా అయితే పదిహేను. ధార ఆగి చుక్కలు కూడా నిలిచిపోయాక ఇంకో రెండు నిమిషాలు ఉంచి తీసేయండి. అరగంట దాటించాల్సిన పని మామూలుగా ఎవరికీ ఉండదు. జవాబు కోసమే వచ్చిన వాళ్లు వెళ్లి పడుకోవచ్చు, మీకు నిద్ర కూడా అవసరమే.

మిగతా వాళ్లు వినండి. గంటసేపు కూర్చుంటే గంటకు తగ్గ పాలు వస్తాయని ఎవరు చెప్పారో గానీ, ఆ మాట వల్ల చాలామంది చనుమొనలు పగిలి, పుండు పడి నా దగ్గరికి వస్తున్నారు. పాలు కుళాయి నీళ్లలాగా రావు. ముందు చేపు రావాలి, అంటే పాలు కిందికి దిగి ధార కట్టాలి. బిడ్డ నోరు పెట్టిన మొదట్లో చిన్నచిన్నగా, గబగబా చప్పరిస్తుంది చూడండి, అది చేపు కోసమే. అందుకే మంచి పంపుల్లో మొదట వేగంగా, తేలిగ్గా లాగే పద్ధతి ఒకటి ఉంటుంది. ఒకటి రెండు నిమిషాల్లో పాలు మొదలవగానే నిదానంగా, లోతుగా లాగే పద్ధతికి మార్చాలి. ఆ బటన్ ఎందుకుందో తెలియక మొత్తం సేపూ ఒకే వేగంలో పెట్టుకునే వాళ్లు చాలామంది. పాలు ఎక్కువగా వచ్చేది మొదటి పది నిమిషాల్లోనే. ఆ తర్వాత ఇంకోసారి చేపు వస్తే వస్తుంది, లేకుంటే చుక్కలే. మన జిల్లాలో పాడి లేని ఊరు లేదు, మీలో సగం మంది పాలకేంద్రానికి క్యాన్ మోసినవాళ్లే. చేపు రాకముందే పొదుగు మీద చెయ్యి వేస్తే ఆవు తంతుందని, చేపు అయిపోయాక ఎంత పిండినా లాభం లేదని మీకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆవు విషయంలో ఉన్న ఈ ఇంగితం కోడలి దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోతోందో నాకు అర్థం కాదు.

నా మాట ఒకటే. ఎక్కువసేపు వద్దు, ఎక్కువసార్లు పెట్టుకోండి. రొమ్ములో పాలు నిండి నిలిచిపోతే, ఇక తయారీ తగ్గించమని శరీరానికి కబురు వెళ్తుంది. తరచుగా తీస్తుంటే ఇంకా కావాలని కబురు వెళ్తుంది. కాబట్టి ఉదయం ఒక ముప్పావు గంట, సాయంత్రం ఒక ముప్పావు గంట కూర్చున్న ఆమె కంటే పదిహేను నిమిషాల చొప్పున పలుమార్లు పెట్టుకున్న ఆమెకే పాలు నిలబడతాయి. నెలలు నిండకుండా పుట్టి బిడ్డ లోపల, వెచ్చగా ఉంచే వార్మర్‌లో ఉంటే, నోటితో తాగించే వీలు లేకుంటే, ఆ తల్లి ఇరవై నాలుగు గంటల్లో కనీసం ఎనిమిదిసార్లు తీయాలి. అందులో ఒకసారైనా అర్ధరాత్రి దాటాక ఉండాలి, ఎందుకంటే పాలు తయారు చేయించే ప్రొలాక్టిన్ హార్మోన్ రాత్రిపూటే ఎక్కువగా ఉంటుంది. దీన్నే మా వార్డులో రోజూ చెబుతాం. "బాలింతను నిద్ర లేపుతారా, మీకు జాలి లేదా" అని అవ్వలు మమ్మల్ని తిడతారు కూడా. తిట్టనివ్వండి.

"పూర్తిగా ఖాళీ అయ్యేదాకా తీయాలి" అనే పాత మాట ఇంకా తిరుగుతోంది. రొమ్ము ఎప్పటికీ పూర్తిగా ఖాళీ కాదు, తీస్తున్నంతసేపూ తయారవుతూనే ఉంటుంది. 2022లో అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ అనే అంతర్జాతీయ వైద్యుల సంస్థ రొమ్ము వాపు గురించి తన మార్గదర్శకాలను మార్చి రాసింది. ఖాళీ చేయాలని అదేపనిగా పంపు పెడితే పాలు అవసరానికి మించి తయారై వాపు ముదురుతుందని, గట్టిగా పిసకొద్దని, వేడి కాపడం కంటే చల్లటి కాపడం మేలని అందులో ఉంది. మనవాళ్లేమో గడ్డ కట్టిందనగానే వేడినీళ్ల గుడ్డ, ఇత్తడి చెంబు, బలమంతా పెట్టి మర్దన. జ్వరం వస్తే మాత్రం ఇంట్లో ప్రయోగాలు మాని డాక్టరు దగ్గరికి రండి.

ఈ గంట కథ ఎక్కడి నుంచి పుట్టిందో నాకో అనుమానం. పవర్ పంపింగ్ అని ఒకటుంది. ఇరవై నిమిషాలు పెట్టి, పది ఆగి, పది పెట్టి, పది ఆగి, మళ్లీ పది పెట్టడం. పాలు తగ్గినప్పుడు రోజుకు ఒకసారి, కొన్నాళ్లు చేసే పని. మొత్తం గంట అవుతుంది, నిజమే, కానీ అందులో పంపు నడిచేది నలభై నిమిషాలే. రీల్ చూసిన వాళ్లు మధ్యలో ఆగడం మర్చిపోయి "గంట" ఒక్కటే గుర్తుపెట్టుకున్నారు.

ఇక సీసా సంగతి. ఆ మధ్య మా వార్డులో పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి పంపు తీసి మూత పెట్టబోతుంటే వాళ్ల అత్త చేతిలోంచి సీసా తీసుకుంది. ట్యూబులైటు కిందికి పోయి, ఒక కన్ను మూసి, గీతకు సమంగా పట్టుకుని చూసింది. "ఏం పాపా, ఇంతేనా? ఇంగ కొంచేపు పెట్టుకో." అమ్మాయి మాట్లాడకుండా మళ్లీ స్విచ్ వేసింది. సీసాలో ఉన్నది నలభై మిల్లీలీటర్లు. బిడ్డ అరగంట ముందే నేరుగా తాగి నిద్రపోయింది! ఆ తర్వాత నలభై వచ్చిందంటే సంతోషించాలి. నేరుగా తాగించే తల్లికి మధ్యలో పంపు పెడితే రెండు వైపులా కలిపి పదిహేను నుంచి అరవై మిల్లీలీటర్లు రావడం మామూలే. ఒక పూట తాగించడం మానేసి దాని బదులు తీస్తే అరవై నుంచి నూట ఇరవై దాకా రావచ్చు. నెల నుంచి ఆరు నెలల దాకా బిడ్డ రోజు మొత్తం తాగేది సగటున ముప్పావు లీటరు, అందులో ఒక్కో విడత ఎంత ఉంటుందో లెక్కేసుకోండి. పైగా పంపుకు వచ్చినవే ఆమె పాలన్నీ అనుకోవడం తప్పు. బిడ్డ లాగినంత బాగా ఏ యంత్రమూ లాగదు. బిడ్డ చక్కగా బరువు పెరుగుతూ, రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఉచ్చ పోస్తుంటే పాలు చాలుతున్నట్టే. సీసా గీతలు చూసి కోడలి మీద తీర్పు చెప్పకండి.

అన్నీ సరిగ్గా చేసినా రావడం లేదంటే నేను మొదట తల్లిని చూడను, పంపును చూస్తాను. రెండు చోట్ల దొరికిపోతుంది. ఒకటి, రొమ్ముకు ఆనించే గరాటు లాంటి కప్పు. డబ్బాలో సాధారణంగా 24 మిల్లీమీటర్లది వస్తుంది, కొన్నిట్లో 28. అందరికీ అదే సరిపోతుందని ఏముంది? సరైన కప్పులో చనుమొన మాత్రమే గొట్టంలోకి వెళ్లి అంచులకు రాసుకోకుండా ముందుకీ వెనక్కీ కదులుతుంది. కప్పు పెద్దదైతే చుట్టూ ఉన్న నల్లటి చర్మం కూడా లోపలికి పోతుంది, తీసేసరికి ఉబ్బి, ఎర్రటి చక్రం పడి ఉంటుంది. చిన్నదైతే చనుమొన తెల్లబడి నొప్పెడుతుంది. రెండింట్లోనూ పాలు తక్కువే వస్తాయి. రెండోది, కింద ఉండే సిలికాన్ వాల్వు. బాతు ముక్కులా ఉంటుంది, కొసన చిన్న చీలిక. వాడగా వాడగా ఆ చీలిక సాగిపోయి మూసుకోదు. మోటారు మునుపటిలాగే గుర్రుమంటుంది, లాగుడు మాత్రం ఉండదు. వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ కొంచెం వంచి చూస్తే తెలిసిపోతుంది. రోజుకు పలుమార్లు వాడేవాళ్లు దాన్ని ఒకటి రెండు నెలలకోసారి మార్చుకోవాలి. ఆ చిన్న ముక్క మార్చకుండా శతావరి పొడి, మందు బిళ్లలు, వెల్లుల్లి కారం అంటూ తిరుగుతుంటారు. వెల్లుల్లి కారం నాకూ ఇష్టమే, వేడన్నంలో నెయ్యి వేసుకుని తినండి, కానీ అది వాల్వును అతికించదు.

చేతిని కూడా మరిచిపోవద్దు. 2009లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన డాక్టర్ జేన్ మోర్టన్ బృందం, నెలలు నిండని బిడ్డల తల్లుల మీద చేసిన పరిశీలన ప్రచురించింది. పంపు నడుస్తుండగా చేత్తో మెల్లగా నొక్కుతూ, చివర్లో చేత్తో పిండితే ఉట్టి పంపు కంటే పాలు బాగా పెరిగాయని తేలింది. మొదటి రెండు మూడు రోజుల ముర్రుపాలకైతే చెయ్యే మేలు. చిక్కగా, చెంచాడు కూడా ఉండని ఆ పాలు యంత్రం గొట్టాలకే అంటుకుపోతాయి. చేత్తో నేరుగా ఉగ్గుగిన్నెలోకి పిండితే ప్రతి చుక్కా బిడ్డకు చేరుతుంది.

ఇప్పుడు అసలు కోపం. ఇరవై నిమిషాలు అంటున్నాం కదా, అది పంపు నడిచే సమయం. కప్పులు బిగించడం, తీశాక పాలు భద్రం చేయడం, ప్రతి ముక్కా విడదీసి కడగడం, ఆరబెట్టడం కలిపితే ముప్పావు గంట అవుతుంది. ఆ ముప్పావు గంట ఆడమనిషికి ఎవరిస్తున్నారు?

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం 11వ సెక్షన్‌లో ఉండి, 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ కొనసాగుతున్న నియమం ప్రకారం, బిడ్డకు పదిహేను నెలలు వచ్చేదాకా తల్లికి మామూలు విశ్రాంతి కాక రోజుకు రెండు విరామాలు ఇవ్వాలి. ఎన్ని నిమిషాలో ఆ సెక్షన్ చెప్పదు, నియమాలకు వదిలేసింది. పైగా అవి బిడ్డకు పాలివ్వడానికి అని రాసి ఉంది. అంటే బిడ్డ పక్కనే ఎక్కడో ఉన్నట్టు లెక్క. బిడ్డ పలమనేరులో అవ్వ దగ్గర, తల్లి శ్రీసిటీ ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉంటే ఏ విరామంలో ఏ బిడ్డకు పాలిస్తుంది? 2017 సవరణ సెలవును 26 వారాలు చేసింది, యాభై మంది, ఆపైన పనిచేసే చోట పిల్లల కోసం శిశు సంరక్షణ కేంద్రం ఉండాలంది, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి రావచ్చంది. మంచిదే. కానీ ఆ 26 వారాల్లో ఎనిమిది కాన్పుకు ముందే వాడుకుంటే తర్వాత మిగిలేది పద్దెనిమిది వారాలు, నాలుగు నెలలు చిల్లర. ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మధ్యలో రెండు నెలలకు దగ్గరగా తేడా ఉంది, దాన్ని పూడ్చేది ఈ పంపే.

నాకు తెలిసిన ఒకమ్మాయి ఆఫీసులో ఇచ్చిన చోటు జిరాక్స్ మిషన్ వెనక సరుకుల గది. లోపలి గడియ లేదు. కుర్చీని తలుపుకు ఆనించి కూర్చుంటుంది. చేపు వచ్చే వేళకు ఎవరో ఒకరు ఏ4 కాగితాల కట్ట కోసం తలుపు కొడతారు. టెన్షన్ పడితే చేపు తెప్పించే ఆక్సిటోసిన్ హార్మోన్ వెనక్కి తగ్గుతుంది, మళ్లీ మొదటి నుంచి మొదలు. అలా ఇరవై కాస్తా నలభై అవుతుంది. అప్పుడు మేనేజరు గారు "ఇంతసేపా?" అంటారు. గడియకు యాభై రూపాయలు కూడా కాదు కదండీ! తిరుమలలో లక్షల మంది వచ్చే చోట ఏడాది లోపు బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లిదండ్రులను సుపథం అనే ప్రత్యేక ప్రవేశ దారిలో పంపుతారు. కొండ మీద దొరికే వెసులుబాటు కింద ఒక మామూలు ఆఫీసులో దొరకదు.

తీసిన పాల గురించి రెండు మాటలు. గదిలో నాలుగు గంటలు ఉంచవచ్చని పుస్తకాల్లో రాసింది 25 డిగ్రీలు మించని గదికి. మే నెలలో మన తిరుపతిలో అలాంటి గది ఎక్కడుంది, ఏసీ వేస్తే తప్ప? ఇక్కడ తీసిన వెంటనే ఫ్రిజ్‌లోకి పోవాలి. తలుపు అరలో కాదు, లోపల వెనక వైపు. నాలుగు రోజుల దాకా ఉంటాయి. ప్రయాణమైతే ఐస్ ప్యాకులు పెట్టిన డబ్బాలో ఒక రోజు. బిడ్డ తాగగా మిగిలిన పాలను రెండు గంటలు దాటాక పారబోయండి, మనసొప్పకపోయినా సరే.

చివరగా ఇంట్లో మగవాళ్లకు. "నేనేం చేయగలను, నాకు పాలు రావు కదా" అని నవ్వే అన్నయ్యలూ, తమ్ముళ్లూ, ఆ నవ్వు పక్కన పెట్టి సింకు దగ్గరికి వెళ్లండి. ఆ ముప్పావు గంటలో పంపు నడిచే ఇరవై నిమిషాలు తప్ప మిగతాదంతా మీరు చేయగలిగిన పనే. కప్పులు, సీసాలు, కనెక్టర్లు అన్నీ విడదీయండి. ముందు చన్నీళ్లతో కడిగితే పాల జిడ్డు అట్టకట్టదు, తర్వాత సబ్బు వేసి వేణ్నీళ్లతో. అంట్లు తోమే పీచు వాడొద్దు, దీనికని వేరే బ్రష్షు, వేరే గిన్నె పెట్టుకోండి. తువ్వాలుతో తుడవకుండా గాలికి ఆరనివ్వండి. మోటారుకు తగిలించే గొట్టాలను మాత్రం నీళ్లలో ముంచకండి. ఇక ఆ బాతు ముక్కు వాల్వులో వేలు దూర్చి రుద్దొద్దు, చిరిగిపోతుంది.