దిగులు మబ్బుకు నల్లరంగు ఎందుకు?

వాటర్‌కలర్ బొమ్మల్లో వానాకాలపు ఆకాశంతో దిగులును చూపించడం గురించి మీరు రాసిన వ్యాసం బాగుంది గానీ, మబ్బులకు ట్యూబులోని నల్లరంగు వాడమనడం దగ్గరే చిక్కు. ఆ నల్లరంగు ఆరాక మసి పూసినట్టు చచ్చుగా కనిపిస్తుంది. దాని బదులు అల్ట్రామెరైన్ బ్లూ (ముదురు నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి గోధుమరంగు) కలిపి చూడండి. నీలం ఎక్కువైతే చలి, ఒంటరితనం. సియెన్నా ఎక్కువైతే వానకు ముందుండే ఉక్క, చిరాకు. ఆరాక రంగు పలచబడుతుంది కాబట్టి అనుకున్నదానికంటే ఒక మెట్టు ముదురుగానే వేయాలి.

కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) కాటన్‌ది ఉండాలి. పలచనిదైతే తడికి ఉబ్బి, రంగంతా గుంటల్లోకి చేరుతుంది. కాగితాన్ని నీళ్లతో తడపగానే రంగు వేయొద్దు. కాగితాన్ని ఏటవాలుగా పట్టి చూడండి: నీళ్లు నిలిచిన తళతళ పోయి సన్నని నిగనిగ మిగిలినప్పుడే కుంచె పెట్టాలి. ముందే పెడితే మబ్బు కరిగిపోతుంది, ఆలస్యమైతే అంచులు గట్టిపడతాయి. సగం ఆరిన చోట నీళ్ల కుంచె తగిలిందా, కాలీఫ్లవర్ పువ్వులా అంచులు విచ్చుకున్న మచ్చ ఖాయం. కొత్త నీరు పాత రంగును పక్కకు నెట్టేస్తుంది. హైదరాబాద్ ఎండాకాలంలో అయితే ఫ్యాన్ ఆపేయండి, విశాఖ తేమలో ఓపిక పట్టండి.

ఆకాశం అంత పని చేశాక కింద ఏడుస్తున్న మనిషిని వేయడం నా దృష్టిలో అనవసరం. హిమాచల్‌లోని కాంగ్రా శైలి బారామాసా చిత్రాలు (ఏడాదిలో పన్నెండు నెలల ప్రేమ, విరహాలను చూపేవి) చూడండి, నాయిక ముఖం చాలావరకు నిబ్బరంగానే ఉంటుంది. విరహాన్ని మబ్బులు, మెరుపులు, జంట పక్షులే మోస్తాయి.