బందెలదొడ్డి గారికి బహిరంగ లేఖ

విచ్చలవిడిగా తిరిగే పశువుల్ని పట్టి బంధించే మహారాజశ్రీ బందెలదొడ్డి గారి దివ్యసముఖానికి,

తమరు క్షేమమని తలుస్తాను. నేను మాత్రం కుడికాలి చెప్పు కాలవకి సమర్పించుకుని, తుమ్మముళ్ళు తీయించుకుంటూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిన్న సాయంత్రం కాలవగట్టు మలుపు తిరిగేసరికి ఎదురుగా ఆవు. పక్కనే బొడ్డు కూడా ఆరని దూడ, నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి జారిపోతుంటే నిలబడడం నేర్చుకుంటోంది. ముచ్చటేసింది. తల్లికి మాత్రం నన్ను చూస్తే ముచ్చటెయ్యలేదు. తల వంచి, ముంగాలితో మట్టి ఎగజిమ్మి, బుస్సుమంది.

ఏం చెయ్యాలో తెలియక కాదండీ. పరుగెత్తకూడదు, వీపు చూపకూడదు, తల్లికీ దూడకీ మధ్యకి పోకూడదు, మెల్లగా వెనక్కి తగ్గి దూరంగా చుట్టు తిరిగి పోవాలి. ఎటు తిరగను? ఇటు కాలవ, అటు తుమ్మకంప. వెనక్కి తగ్గుదామంటే ఇంటిముఖం పట్టిన గేదెల మంద. నా వెంట వచ్చిన వీధికుక్క అయితే మరీనూ. దాని మీద మొరిగి, ఉన్న కోపం పెంచి, వచ్చి నా కాళ్ళ వెనకే దాక్కుంది. ఆ తర్వాతే చెప్పు కాలవలో, నేను కంపలో.

అప్పుడొచ్చాడు యజమాని, బండి ఆపకుండానే. "మా లక్ష్మి ఏమీ చెయ్యదండీ. ఎర్రచొక్కా వేసుకొచ్చారుగా, అదీ సంగతి!" పశువుకి ఎరుపు సరిగా ఆనదయ్యా, ఆనేది కదలిక అని చెప్పేలోపే బండి మలుపు దాటేసింది.

లక్ష్మి మీద నాకేం కోపం లేదు. ఈనిన ఆవు ఆమాత్రం చెయ్యకపోతే తల్లే కాదు. నా గొడవ మీతోనే. రోడ్ల మీదా కాలవగట్ల మీదా విచ్చలవిడిగా తిరిగే పశువుల్ని పట్టి 24 గంటల్లోగా దొడ్డికి తోలొచ్చని 1871 నాటి చట్టం. ఏనుగునీ ఒంటెనీ కూడా వదల్లేదది! బందె, అంటే జరిమానా, కట్టి విడిపించుకోకపోతే వేలమే. మా తాతల కాలంలో మీ పేరు చెబితే చాలు, సందె వేళకి ప్రతి గుంజకీ పశువు కట్టేసి ఉండేదట.

మరి ఇప్పుడేమయ్యారు? కుంటుకుంటూ వెతుక్కుంటూ వచ్చాను. ప్రహరీ ఓ పక్క కూలిపోయింది. మూలన పాత ఎన్నికల ఫ్లెక్సీలు. నడిమధ్యన ఇంతెత్తు గడ్డిమేటు. ఎవరిదయ్యా అంటే... లక్ష్మి యజమానిదట!

బందె కట్టాల్సినవాడు నీ గుండెల మీద మేటు వేసుకుంటే నోరు మూసుకుని మోస్తున్నావా? సిగ్గనిపించడం లేదూ? పంచాయతీవాళ్ళని అడిగితే "రాసివ్వండి, చూద్దాం" అన్నారు. వాళ్ళు చూసేలోపు ఆ దూడకీ కొమ్ములొస్తాయి.

లే. గేటు పెట్టించుకో. ఆవు జోలికి పోకు, పచ్చిబాలెంత. ముందు ఆ మేటుకి బందె రాయి. కట్టేదాకా ఒక్క పరక బయటికి పోనిచ్చావో, నీకూ నాకూ చెల్లు.

ఇట్లు,
కాలవగట్టు బాధితుల్లో ఒకడు