ఏడీహెచ్‌డీ: పరీక్షకు నిలిచిందేది?

"వీడికి శ్రద్ధ లేకపోవడమేమిటండీ? గేమ్ పెడితే మూడు గంటలు కదలడు!" ఏడీహెచ్‌డీ (అటెన్షన్ డెఫిసిట్ హైపరాక్టివిటీ డిజార్డర్, అంటే శ్రద్ధ లోపం, అతి చురుకుదనం) అన్న మాట వినగానే చాలామంది తల్లిదండ్రులు ఇలాగే అంటారు. అలా అనిపించడానికి కారణం ఆ పేరే. అందులో శ్రద్ధ లోపం అని ఉంది గానీ, అసలు చిక్కు శ్రద్ధను కావలసిన చోటికి తిప్పుకోవడంలో, విసుగు పుట్టించే పని మీద దాన్ని నిలపడంలో, అక్కర్లేనప్పుడు వదిలించుకోవడంలో ఉంది. గేమ్ క్షణక్షణానికీ ఏదో ఒక పాయింటు ఇస్తూనే ఉంటుంది. లెక్కల హోంవర్క్‌కి ఫలితం రేపో, పరీక్షల తర్వాతో తెలుస్తుంది. అంత దూరాన ఉన్న ఫలితం కోసం ఈ పిల్లల మెదడు సులువుగా కదలదు.

ఇది సెల్‌ఫోన్లు తెచ్చిపెట్టిన జబ్బని ఒక వాదన ఉంది. అయితే స్కాట్లాండ్ వైద్యుడు అలెగ్జాండర్ క్రైటన్ నిలకడలేని శ్రద్ధ గురించి 1798లోనే రాశాడు. 1902లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు లండన్‌లో ఇలాంటి పిల్లల గురించి వరసగా ఉపన్యాసాలిచ్చాడు. కవలల మీద జరిగిన అధ్యయనాలను బట్టి, ఈ లక్షణాల్లో మనిషికీ మనిషికీ కనిపించే తేడాలో 70 నుంచి 80 శాతం దాకా జన్యువుల వల్ల వచ్చేదే. పెంపకం సరిగ్గా లేదని తల్లిని నిలదీసే బంధువులకు ఈ లెక్క ఎవరైనా చెబితే బాగుండు.

నిర్ధారణ దగ్గర మాత్రం అనుమానాలకు చోటుంది. దీనికి రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. లక్షణాలు కనీసం ఆరు నెలలుగా ఉండాలి, 12 ఏళ్ల లోపే మొదలై ఉండాలి, ఇంట్లోనూ బడిలోనూ, అంటే ఒకటికి మించిన చోట్ల కనిపించాలి. ఇవన్నీ పెద్దవాళ్లు చూసి చెప్పేవే, పెద్దవాళ్లు పొరబడనూ వచ్చు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో తొమ్మిది లక్షల మందికి పైగా పిల్లల రికార్డులు పరిశీలించి 2012లో ఒక అధ్యయనం వెలువరించారు. అక్కడ జనవరిలో పుట్టినవాళ్లూ డిసెంబరులో పుట్టినవాళ్లూ ఒకే తరగతిలో పడతారు. జనవరి పిల్లలతో పోలిస్తే, ఏడీహెచ్‌డీ ఉందని తేల్చడం డిసెంబరు అబ్బాయిల్లో 30 శాతం, అమ్మాయిల్లో 70 శాతం ఎక్కువగా కనబడింది. అంటే తోటివాళ్లకంటే పదకొండు నెలలు చిన్నవాడవడమే కొందరి విషయంలో జబ్బు కింద జమ అయిపోయింది. మరోపక్క, అల్లరి చేయకుండా కిటికీ వైపు చూస్తూ కూర్చునే అమ్మాయి ఎవరి లెక్కలోకీ రాదు. ఎక్కువ మందికి అంటగడుతున్నారు, చాలామందిని వదిలేస్తున్నారు అన్న రెండు ఫిర్యాదులూ నిజమే.

ఇక మందుల కథ విచిత్రంగా మొదలైంది. 1937లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో చార్ల్స్ బ్రాడ్లీ అనే వైద్యుడు, మెదడు ఎక్స్‌రే కోసం వెన్ను ద్రవం తీసిన పిల్లలకు వచ్చే తలనొప్పి తగ్గుతుందేమోనని బెంజెడ్రిన్ ఇచ్చాడు. తలనొప్పి పెద్దగా తగ్గలేదు. కానీ దాదాపు సగం మంది చదువులో ఒక్కసారిగా చురుకయ్యారు. పిల్లలే వాటికి లెక్కల బిళ్లలని పేరు పెట్టుకున్నారు. బెంజెడ్రిన్ అంటే యాంఫెటమిన్. అసలు యాంఫెటమిన్ మీద వైద్యుల చూపు పడిందే ఎఫెడ్రా అనే మొక్కలోని మందుకు బదులు వెతుకుతున్నప్పుడు. చివరికి 2004లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ, గుండెకు ప్రమాదమని ఎఫెడ్రా కలిసిన సప్లిమెంట్లను నిషేధించింది. ల్యాబ్‌లో పుట్టిన యాంఫెటమిన్ మాత్రం డాక్టరు పర్యవేక్షణలో నేటికీ వాడుకలో ఉంది. మొక్క నుంచి వచ్చింది కాబట్టి మంచిదేనని ఎవరైనా అంటే నాకు ముందు ఈ సంగతే గుర్తొస్తుంది.

మందులు పనిచేస్తాయా? లక్షణాలు తగ్గించడం వరకూ, మానసిక వైద్యంలో ఇంత స్పష్టంగా పనిచేసేవి తక్కువ. ఏడీహెచ్‌డీకి ఎక్కువగా రాసే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు గంట లోపే పని మొదలుపెడుతుంది. ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం, నాడి వేగం కాస్త పెరగడం మామూలుగా వచ్చే ఇబ్బందులు. అందుకే బరువు, ఎత్తు, బీపీ చూస్తూ ఉండాలి. దీర్ఘకాలం మాటకొస్తే చిత్రం అంత స్పష్టంగా ఉండదు. అమెరికాలో 579 మంది పిల్లలను మందు, ప్రవర్తనా శిక్షణ, రెండూ, మామూలుగా దొరికే వైద్యం అని నాలుగు గుంపులుగా చేసి జరిపిన ఎంటీఏ అధ్యయనం 1999లో వెలువడింది. 14 నెలల దగ్గర జాగ్రత్తగా మోతాదు చూసి మందు ఇచ్చిన గుంపులు ముందున్నాయి. ప్రవర్తనా శిక్షణ కూడా తోడైనచోట తక్కువ మోతాదే సరిపోయింది. మూడేళ్లకు చూస్తే గుంపుల మధ్య తేడా చెరిగిపోయింది. మందు దండగని దీనికి అర్థం కాదు. మొదట్లో ఉన్నంత జాగ్రత్త తర్వాత లేదు, మందు వాడకం కూడా గుంపుల్లో కలగలిసిపోయింది.

సహజ మార్గాలన్నింటినీ ఒకే గాటన కట్టేస్తే పొరపాటే. వ్యాయామం వల్ల కాసేపైనా ఏకాగ్రత మెరుగవుతుంది, ఖర్చూ లేదు. నిద్ర సంగతి ముందే చూసుకోవాలి, ఎందుకంటే గురకపెట్టి నిద్ర చెడే పిల్లలు పగలు అచ్చం ఏడీహెచ్‌డీ ఉన్నట్టే ఉంటారు. ఒమేగా-3 వల్ల లాభం ఉన్నా బహు స్వల్పం. ఆహారంలో కలిపే కృత్రిమ రంగులు పిల్లల్లో అతి చురుకుదనం పెంచుతాయా అని 2007లో బ్రిటన్‌లో జరిగిన ప్రయోగం తర్వాత, ఆరు రంగులు కలిసిన ఆహారంపై హెచ్చరిక ఉండాలని యూరోపియన్ యూనియన్ 2010 నుంచి నిబంధన పెట్టింది. ఆ ప్రభావం చిన్నదే, అదీ అందరిలో ఉండదు. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలికను 54 మంది పిల్లల మీద ఎనిమిది వారాలు పరీక్షిస్తే ఉత్తుత్తి మాత్రకు మించి ఏమీ చేయలేదని 2008లో తేలింది. ఇలాంటి పొడులు తాగిస్తూ ఏడాది గడిపేస్తే ఒక తరగతి పాఠాలు పోయినట్టే. మూలిక ధరలో ఆ నష్టం కనిపించదు.

చక్కెర మానేస్తే నెమ్మదిస్తారన్న నమ్మకం మరీ గట్టిది. 1994లో ఒక ప్రయోగంలో పిల్లలందరికీ చక్కెర లేని పానీయమే ఇచ్చి, సగం మంది తల్లులకు మాత్రం చక్కెర ఇచ్చామని చెప్పారు. ఆ తల్లులకే తమ పిల్లలు ఎక్కువ గెంతుతున్నట్టు కనిపించింది. వాళ్లే పిల్లల్ని ఎక్కువ తప్పుపట్టారు కూడా.

ఈ భ్రమ మందు వాడే ఇంట్లోనూ ఉంటుంది. అందుకే కొత్త మందైనా, కొత్త ఆహారమైనా ఒకసారికి ఒక్కటే మార్చాలి. ముందూ తర్వాతా టీచరు చేత అవే ప్రశ్నలున్న ఫారం నింపించాలి. ఏది ఎప్పుడు మార్చారో ఆ టీచరుకు తెలియకపోతే ఇంకా మంచిది.