పాత నాణేన్ని చింతపండుతో తోమకండి

వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్లకు లక్షలిస్తామనే వీడియోలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అది మామూలుగా చలామణికి వచ్చిన నాణెం. కమీషనో ట్యాక్సో ముందు కట్టమని డబ్బు గుంజే ఇలాంటి ముఠాల గురించి రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. 1818 అని, సీతారాముల బొమ్మతో అమ్మే ఈస్టిండియా కంపెనీ అణా కూడా నకిలీయే. బ్రిటిష్ ఇండియాలో ఒక అణా నాణెం వచ్చిందే 1907లో కదా!

ఈ మోసాల సంగతి అటుంచితే, నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంట్లో ఉన్న అసలైన నాణేలను మనమే పాడుచేసుకోవడం. ఐదో జార్జి 1912 రూపాయినే తీసుకోండి. బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా పాత తులం. 91.7 శాతం వెండి. బాగా అరిగిపోయింది వెండి ధరకు కాస్త అటూ ఇటూగా పోతుంది, అదే టంకశాల నుంచి వచ్చినట్టే ఉన్నదైతే అంతకు ఎన్నో రెట్లు పలుకుతుంది. కాబట్టి సంవత్సరం ఒక్కటే చూసి కొనకూడదు, నాణెం ఒంటిని చూడాలి. రాజు కిరీటంలో రాళ్లు, కనుబొమ్మ, అంగీ మీద ఏనుగు ముందుగా అరుగుతాయి. (1911లో ఆ ఏనుగు పందిలా కనిపించిందని గొడవయ్యి, 1912లో బొమ్మ మార్చారు. అందుకే 1911 రూపాయికి అంత గిరాకీ.) తర్వాత బల్బు కింద పట్టుకుని మెల్లగా తిప్పండి. అసలు మెరుపు పట్టీలా నాణెం చుట్టూ తిరుగుతుంది, తోమినదైతే అంతటా ఒకేలా తళతళలాడుతూ భూతద్దంలో సన్నటి గీతలు కనిపిస్తాయి.

మన ఇళ్లలో రాగి అయినా వెండి అయినా నల్లబడితే చింతపండో విభూతో పెట్టి రుద్దేయడం అలవాటు. చెంబుకు అది మంచిదే. నాణేనికి మాత్రం పైపొరే ప్రాణం, ఆ నలుపు దశాబ్దాలుగా పట్టింది, గీకేశాక తిరిగి రాదు. నాణెం ఎంత బాగుందో చూసి మార్కులేసే (గ్రేడింగ్) అమెరికా సంస్థలు పీసీజీఎస్, ఎన్‌జీసీ 70 పాయింట్ల స్కేలు మీద అంకెలిస్తాయి, కానీ గట్టిగా తోమినదానికి మామూలుగా అంకె ఇవ్వకుండా 'డీటెయిల్స్' (అసలైనదే గానీ లోపముంది) అని రాసేస్తాయి. కాసులపేరు నుంచి విప్పిన నాణెం కొనేటప్పుడూ జాగ్రత్త, కొక్కెం అతికిన టంకం మచ్చ అంచున ఉండిపోతుంది. వెయ్యీ రెండు వేల నాణేన్ని గ్రేడింగ్‌కు పంపడం మాత్రం దండగ అనే అంటాను, ఆ డబ్బుతో పది రెట్లు పెద్దదిగా చూపే 10ఎక్స్ లెన్సు, చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కోండి.

దాచేటప్పుడు అసలు శత్రువు పీవీసీ అనే ప్లాస్టిక్. చవక ఆల్బమ్‌ల మెత్తటి కవర్లలో కొన్నేళ్లుంటే నాణెం మీద పచ్చటి జిగురు పడుతుంది, స్వచ్ఛమైన ఎసిటోన్‌తో పోతుంది గానీ నెయిల్ పాలిష్ రిమూవర్ పనికిరాదు. మైలార్ (పీవీసీ లేని పారదర్శక ప్లాస్టిక్) కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు, డబ్బాలో ఒక సిలికా జెల్ పొట్లం చాలు. కోస్తా తేమకు ఆ పొట్లం తరచూ మార్చాలి. పట్టుకునేది అంచులతోనే, వేలిముద్ర కూడా మచ్చగా మిగులుతుంది.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మనవాళ్లకు ఒక మాట. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణేన్ని దేశం దాటించకూడదు, అది నానమ్మ ఇచ్చిన రూపాయి అయినా సరే. లగేజీలో పెట్టుకునే ముందు నాణెం మీద సంవత్సరం చూసుకోండి.