గూగుల్ మ్యాప్‌లో లేని ఆలస్యం

హైదరాబాద్ నుంచి మెదక్ చర్చికి ఎంతసేపు పడుతుంది అని ఫోన్‌ని అడిగితే వంద కిలోమీటర్లు, రెండున్నర గంటలు అంటుంది, పాపం దానికేం తెలుసు, అది క్రైస్తవ కుటుంబంలో పుట్టలేదు కదా. ట్రాఫిక్ చూపిస్తుంది, గుంతల రోడ్డు చూపిస్తుంది, బయల్దేరే ముందు ప్రార్థన మాత్రం చూపించదు. ఈ ఘోరమైన లోపం మీద సంబంధిత అధికారులు వెంటనే స్పందించాలని నా డిమాండ్.

మా ఇంట్లో పదింటికి బయల్దేరదాం అంటే పదింటికి అమ్మ చెంగు తల మీద వేసుకుంటుంది అని అర్థం. ముందు 121వ కీర్తన చదువుతాం, అది ఎనిమిదే వచనాలు, దాంతో నాకే పేచీ లేదు. అసలు కథ ఆ తర్వాత. ప్రార్థన "మహోన్నతుడవైన తండ్రీ" అని గ్రాంథికంలో మొదలై రెండో నిమిషానికల్లా వంటింటి భాషలోకి దిగుతుంది. "ప్రభువా, ఈయన బండి నడుపుతూ ఫోన్ మాట్లాడతారు, ఎన్నిసార్లు చెప్పినా వినరు, నువ్వే మాట్లాడు తండ్రీ. పెద్దోడికి ముప్పై రెండొచ్చాయి, ఏ సంబంధం చూపించినా వంకలు పెడుతున్నాడు (ఆ పెద్దోడు నేనే), వాడి మనసు కరిగించు. మొన్న వదిన మాటలకి నేనెంత నొచ్చుకున్నానో నీకే తెలుసు ప్రభువా..." ఆ వదిన, అంటే మా మేనత్త, పక్కనే కళ్ళు మూసుకుని నిలబడి ఉంది.

ఇక్కడ అమ్మ తెలివి గమనించాలి మీరు. ఇవే మాటలు మామూలుగా అంటే ఇల్లు రెండు ముక్కలయ్యేది. ప్రార్థనలో అంటే ఎదురు చెప్పడానికి లేదు, కళ్ళు తెరవడానికి లేదు, పైగా చివర్లో అందరం కలిసి ఆమేన్ అనాలి, అంటే ఆరోపణలన్నీ ఒప్పేసుకున్నట్టే. నాన్న మధ్యలో ఒకసారి గట్టిగా ఆమేన్ అని చూశాడు, అమ్మ దాన్ని ప్రోత్సాహం కింద తీసుకుంది.

అత్తయ్య ఊరుకుంటుందా, "నేనూ చిన్న ప్రార్థన చేస్తా" అంది. చిన్న ప్రార్థన అనే మాట వినగానే అనుభవం ఉన్నవాళ్ళు కుర్చీ వెతుక్కుంటారు. "క్షమించే మనసు లేనివాళ్ళకి క్షమించే మనసివ్వు ప్రభువా" అని మొదలుపెట్టింది. ఎవరి పేరూ చెప్పలేదు. ఆ తర్వాత పాస్టర్‌గారు ఫోన్లో, స్పీకర్ ఆన్ చేసి. కారు గేటు దాటేసరికి పదకొండూ నలభై.

గండిమైసమ్మ దగ్గర చిన్నమ్మ ఇల్లు ఉంది, ఊరికే మొహం చూపించి వెళ్దాం అన్నారు, భోజనం అయ్యింది, ప్రార్థన అయ్యింది, మూడయ్యింది. నర్సాపూర్ అడవిలో ఆపాం. ఎవరికీ ఆకలి లేదు, కానీ చెట్లు కనబడితే ఏదో ఒకటి తినాలి కదా. కేకు డబ్బా తీసి బానెట్ మీద పెట్టి, స్తోత్రం చెప్పి తిందామని అందరం కళ్ళు మూసుకున్నాం. కళ్ళు తెరిచేసరికి డబ్బా చెట్టు మీద ఉంది. ఆ కోతి ఏ స్తోత్రమూ చెప్పకుండానే తినేస్తోంది.

మెదక్ చేరేసరికి ఆరుంపావు, డిసెంబర్ కదా, చీకటి పడిపోయింది. ఇంగ్లండు నుంచి వచ్చిన మిషనరీ పాస్నెట్ దొర కరువులో జనానికి పని కల్పించి, 1914లో మొదలుపెట్టి, 1924 క్రిస్మస్‌కి అంత గుడి పూర్తి చేయించాడు, 175 అడుగుల గోపురంతో సహా. మా ఇంటివాళ్ళని కమిటీలో వేసుకోలేదు కాబట్టి పదేళ్ళలో అయ్యింది. అక్కడ ముఖ్యంగా చూడాల్సినవి రంగుటద్దాల కిటికీలు, యేసు జననం, సిలువ, ఆరోహణం. అవతల నుంచి ఎండ పడితేనే ఆ రంగులు. పొద్దు పోతే నల్లటి పలకలు, అంతే. మేం ఐదుగురం వాటి ముందు తలలెత్తి నిలబడ్డాం.

"ఏం కనబడట్లేదేంటి?" అన్నాడు నాన్న.

అమ్మ ఆయనకి జవాబు చెప్పలేదు. చెంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. "ప్రభువా, పొద్దున్నే బయల్దేరదామంటే ఈయన స్నానానికే గంట చేశారు..."

పక్కన అత్తయ్య గొంతు సవరించుకుంటోంది.