యోగా మ్యూజిక్కట!

ఇప్పుడే పళ్ల డాక్టర్ దగ్గర్నుంచి వచ్చాను. సగం మూతి ఇంకా మొద్దుబారే ఉంది. ఇంట్లోవాళ్ల మీద అరవలేక ఇక్కడ రాస్తున్నా.

అక్కడ వెయిటింగ్ హాల్లో టీవీ. ఓ కొండ, సూర్యోదయం, వెనకాల వేణువు. కింద 'స్ట్రెస్ రిలీఫ్, 3 గంటలు' అని. వినగానే పట్టేశాను, 'ఎల్ కాండోర్ పాసా'. నోరు ఊరుకోదుగా, రిసెప్షన్‌లో అమ్మాయితో "ఇది పెరూ పాటమ్మా" అన్నాను. "కాదు సార్, యోగా మ్యూజిక్" అంది. పక్కన ఓ పెద్దాయన కళ్లు మూసుకుని ప్రాణాయామం మొదలుపెట్టేశారు కూడా.

యోగానా! 1913లో లిమాలో దానియల్ అలోమియా రోబ్లెస్ ఓ సంగీత నాటకానికి కట్టిన బాణీ అది. కథేమో సెర్రో దె పాస్కో గనుల్లో విదేశీ దొరల కింద నలిగిన కూలీలది. దాంతో మనం బీపీ తగ్గించుకుంటున్నాం.

1970లో అమెరికా గాయకుల జంట సైమన్, గార్ఫంకెల్ ఆల్బమ్‌లో వచ్చాక ప్రపంచమంతా పాకింది. పారిస్‌లో లోస్ ఇంకాస్ బృందం వాయిస్తుంటే విని, పాతకాలపు జానపదం అనుకున్నాడు పాల్ సైమన్. రోబ్లెస్ కొడుకు కోర్టుకెక్కాల్సి వచ్చింది. ఆ గొడవ మర్యాదగానే తేలిందిలెండి, సైమన్‌ని ఏమీ అనను. కానీ 'జానపదం' అనే మాట ఎంత సుఖమో చూడండి. ఆ ముక్క అనేస్తే ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. మన సినిమావాళ్లకి ఇది వేరే నేర్పాలా!

ఎలిజబెత్ కాటన్ సంగతి తలుచుకుంటే మాత్రం నాకు ఈ మత్తు కూడా దిగిపోతుంది. అమెరికాలో నార్త్ కరోలినా నల్లపిల్ల, ఎడమచేతి వాటం. కుడిచేతివాళ్ల గిటార్‌ని తీగలు మార్చకుండా తిరగేసి పట్టుకునేది. బొటనవేలితో రాగం, మిగతా వేళ్లతో మంద్రం! చిన్నప్పుడే 'ఫ్రైట్ ట్రైన్' కట్టింది. పెద్దయ్యాక సీగర్లని ఓ జానపద సంగీత కుటుంబం, వాళ్లింట్లో పనిమనిషి. ఆ ఇంటి పిల్లలు నేర్చుకున్న ఆ పాట ఇంగ్లండ్ చేరి 1957లో హిట్టయింది, రచన ఎవరి పేరు మీదో! ఆవిడ సొంత ఆల్బమ్‌ని ఫోక్‌వేస్ రికార్డు కంపెనీవాళ్లు వేసేసరికి 1958. అప్పటికే అరవై దాటాయి.

ఇవన్నీ ఏ యాప్ చెబుతుంది? కవర్ బొమ్మ గోరంత, పేర్లు గాలికి. ఆల్బమ్ అంటే బుక్‌లెట్ కూడానండీ బాబూ. ఆ మాటకొస్తే నా దగ్గర క్యూబా పాతతరం సంగీతకారుల 'బ్యూనా విస్తా సోషల్ క్లబ్' సీడీ ఉండేది. 1996లో హవానాలో రికార్డయింది. పియానో రూబెన్ గొన్సాలెస్. పాడినవాళ్లలో ఇబ్రహీం ఫెర్రెర్ ఉన్నాడు. అప్పటికి బూట్లు పాలిష్ చేసుకుని బతుకుతున్న మనిషి! ఎవరు ఏం వాయించారో అంతా ఆ లావుపాటి బుక్‌లెట్‌లో ఉంది.

ఉండేది. మా బావగారు వారంలో ఇస్తానని పట్టుకెళ్లారు. రెండేళ్లకి డబ్బా వచ్చింది, గీతలు పడ్డ సీడీతో. బుక్‌లెట్ లేదు. అడిగితే "పాటలు వస్తున్నాయిగా, ఆ కాగితాలెందుకయ్యా" అన్నారు. అక్క మొహం చూసి ఊరుకున్నాను. మొన్న సంక్రాంతికి వాళ్ల వంటింట్లో చూశాను, నూనె సీసా కింద. సరిగ్గా ఫెర్రెర్ నడిచొస్తున్న బొమ్మ మీద, గుండ్రంగా మరక.

బావగారూ, నా పోస్టులన్నీ చూస్తారని తెలుసు. మరక ఉన్నా పర్లేదు, ఇచ్చేయండి. సీసా కింద పెట్టుకోడానికి పాత పేపర్ నేనే తెచ్చిస్తా.