దస్త్రాల్లో దాగిన దోపిడీ

యుద్ధకాలపు దోపిడీ అనగానే తుపాకులు పట్టిన సైనికులు ఇళ్లలో చొరబడి, చేతికందినవి పట్టుకుపోయే దృశ్యమే మనసులో మెదులుతుంది. 2015లో విడుదలైన ‘ఉమన్ ఇన్ గోల్డ్’ చిత్రం చాలావరకు ఆ దృశ్యాన్నే నమ్ముకుంది. నాజీలు వియన్నాలో కాజేసిన తన పిన్ని అడెలె బ్లాక్-బావర్ చిత్తరువు కోసం ఎనభై దాటిన మరియా ఆల్ట్‌మన్ ఆస్ట్రియా ప్రభుత్వంతో తలపడి గెలిచిన నిజకథ అది. మరియా పాత్రలో హెలెన్ మిరెన్ నటన ప్రశంసనీయం. అయితే అసలు దోపిడీ తెర మీద చూసినంత ఉద్వేగంగా సాగలేదు. అది ప్రభుత్వ కార్యాలయాల్లో, బల్లల ముందు, తీరికగా జరిగింది.

ఆస్ట్రియా చిత్రకారుడు గుస్తావ్ క్లిమ్ట్ బంగారు రేకులు అద్ది 1907లో పూర్తిచేసిన ఆ చిత్తరువు అడెలె భర్త, చక్కెర పరిశ్రమాధిపతి ఫెర్డినాండ్ సొత్తు. అడెలె 1925లోనే మరణించారు. 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకోవడంతో ఫెర్డినాండ్ దేశం విడిచి వెళ్లారు. ఆ వెనుకే పన్ను ఎగవేశారన్న అభియోగం, దాని పేరిట ఆస్తుల స్వాధీనం, వాటిని చక్కబెట్టడానికి ఒక నాజీ న్యాయవాది నియామకం వరుసగా జరిగిపోయాయి. 1941లో ఆ న్యాయవాది చిత్తరువును వియన్నాలోని బెల్వెడేర్ చిత్రశాలకు అప్పగిస్తూ, ఉత్తరం చివర ‘హెయిల్ హిట్లర్’ అని రాసి సంతకం చేశాడు. యూదు స్త్రీ అని తెలియకుండా ప్రదర్శనలో అడెలె పేరు కూడా తీసేశారు. అడుగడుగునా కాగితం ఉంది, ముద్ర ఉంది, సంతకం ఉంది. సొంతదారు సమ్మతి మాత్రం ఎక్కడా లేదు.

1945 నవంబరులో ఫెర్డినాండ్ జ్యూరిచ్‌లో కన్నుమూశారు. తన ఆస్తి మరియాకు, ఆమె తోబుట్టువులకు చెందాలని వీలునామా రాశారు. నాజీ పాలనలో జరిగిన ఇటువంటి లావాదేవీలు చెల్లవని 1946లో ఆస్ట్రియా చట్టం కూడా చేసింది. అంతటితో కథ ముగియవలసింది. కానీ కళాఖండాలను దేశం దాటించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ అనుమతి కోసం వచ్చిన కుటుంబాలతో అధికారులు బేరం పెట్టారు. మేలైన వాటిని ప్రభుత్వ చిత్రశాలలకు ‘విరాళం’గా వదులుకుంటే తక్కినవి తీసుకుపోవచ్చన్నారు. 1948లో బ్లాక్-బావర్ వారసుల న్యాయవాది ఈ ఒత్తిడి కిందనే క్లిమ్ట్ చిత్రాల మీద పట్టు వదిలారు. నాజీలు ఓడిపోయాక, ప్రజాస్వామ్య ప్రభుత్వం చేతుల మీదుగా జరిగిన ఈ రెండో దోపిడీకి చిత్రంలో తగినంత చోటు దక్కకపోవడం మా దృష్టిలో పెద్ద లోపం. ప్రతినాయకుడు చేతికి స్వస్తిక పట్టీ కట్టుకుని వస్తే ప్రేక్షకుడికి పోల్చుకోవడం తేలిక. అనుమతి పత్రం చేతిలో పట్టుకుని మర్యాదగా మాట్లాడే గుమాస్తాను పోల్చుకోవడమే కష్టం.

ఆ పాత దస్త్రాలు 1998లో వెలుగు చూడటానికి హుబెర్టుస్ చెర్నిన్ అనే ఆస్ట్రియన్ పాత్రికేయుడి పరిశోధన తోడ్పడింది. అదే ఏడాది వచ్చిన ఆస్ట్రియా చట్టం, బలవంతపు విరాళాలను సైతం తిరిగి ఇచ్చేయవచ్చని అంగీకరించింది. అయినా క్లిమ్ట్ తైలవర్ణ చిత్రాల విషయంలో ప్రభుత్వ సలహా సంఘం 1999లో కుటుంబానికి మొండిచేయి చూపింది. భర్త మరణానంతరం చిత్రాలను ప్రభుత్వ చిత్రశాలకు ఇవ్వాలని అడెలె తన వీలునామాలో కోరారన్నది వారి వాదన. ఆ చిత్రాలు అసలు ఆమె సొత్తే కావని, భర్తను ఆమె కోరింది విన్నపమే తప్ప అది ఆయనను కట్టడి చేయదని మరియా తరఫున న్యాయవాది రాండల్ షోన్‌బర్గ్ వాదించారు. పోనీ, ఆస్ట్రియా కోర్టుకే వెళదామంటే అక్కడ రుసుం దావా విలువను బట్టి ఉంటుంది. ఈ పద్ధతి మన సివిల్ కోర్టుల మెట్లెక్కినవారికి కొత్తేమీ కాదు గానీ, ఇక్కడ ఆ మొత్తం పది లక్షల డాలర్లు దాటింది. సొత్తు ఎంత విలువైనదైతే దాన్ని అడిగే హక్కు అంత ఖరీదైపోవడం దొంగసొత్తును దాచుకున్నవారికే మేలు చేస్తుంది. అందుకే ఆమె అమెరికా కోర్టును ఆశ్రయించారు. ఆస్ట్రియా మీద అక్కడ దావా నడపవచ్చని 2004లో అమెరికా సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో చెప్పింది. ఆ తర్వాత ఇరుపక్షాలూ అంగీకరించిన మధ్యవర్తుల మండలి 2006 జనవరిలో అడెలె చిత్తరువుతో సహా అయిదు క్లిమ్ట్ చిత్రాలు వారసులవేనని తేల్చింది.

చిత్తరువును అదే ఏడాది అమెరికా వ్యాపారవేత్త రొనాల్డ్ లాడర్ న్యూయార్క్‌లోని నోయె గాలరీ కోసం కొన్నారు. ధర 13.5 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. తక్కిన నాలుగూ వేలానికి వెళ్లాయి. కుటుంబ జ్ఞాపకం అంటూనే అమ్ముకున్నారని అప్పట్లో కొందరు సణిగారు. ఈ విమర్శ మాకు సమ్మతం కాదు. తన సొత్తును ఉంచుకోవాలో అమ్మాలో తేల్చుకునే అధికారమే 1938లో ఆ కుటుంబం నుంచి లాక్కున్నది. దాన్ని తిరిగి ఇచ్చేటప్పుడు షరతులు పెట్టడానికి ఇతరులెవరు?

మరియా విజయాన్ని చూసి మిగతా కుటుంబాలకూ న్యాయం జరిగిపోయిందనుకుంటే పొరపాటు. 1939లో జర్మనీ విడిచి వెళ్లే అనుమతి కోసం లిల్లీ కసిరర్ అనే యూదు మహిళ ఫ్రెంచి చిత్రకారుడు కమీ పిస్సారో గీసిన పారిస్ వీధి చిత్రాన్ని వదులుకోవలసి వచ్చింది. ఆ చిత్రం ఇప్పుడు మాడ్రిడ్‌లోని థిస్సెన్ మ్యూజియంలో ఉంది. ఆమె వారసులు 2005 నుంచి అమెరికా కోర్టుల్లో పోరాడుతున్నారు. కొనుగోలు నాటి నుంచి తగినంత కాలం గడిచినందువల్ల స్పెయిన్ చట్టం ప్రకారం చిత్రం మ్యూజియానిదేనని కింది కోర్టులు తేల్చాయి. ఇటువంటి కేసుల్లో తమ రాష్ట్ర చట్టాన్నే పాటించాలంటూ 2024లో కాలిఫోర్నియా కొత్త చట్టం చేయడంతో, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనబెట్టి కేసును మళ్లీ కిందికి పంపింది.

నాజీలు దోచిన కళాఖండాల విషయంలో న్యాయమైన పరిష్కారం చూపుతామని 1998లో వాషింగ్టన్‌లో మాట ఇచ్చిన 44 దేశాల్లో స్పెయిన్ కూడా ఉంది. ఆ మాటకు చట్టబద్ధత లేదన్నది నిజమే. కానీ గడువు తీరిందన్న సాకును వాడుకోవడం, మానుకోవడం ఆ మ్యూజియం చేతిలోని పనే. 1933 నుంచి 1945 వరకు తమ సేకరణలోని ప్రతి చిత్రం ఎవరి చేతుల్లో ఉన్నదో బయటపెట్టే బాధ్యతను యూరప్, అమెరికా మ్యూజియంలన్నీ తలకెత్తుకోవాలి. దేశాలు పట్టి చెల్లాచెదురైన కుటుంబాలను రుజువులు తెమ్మనడం తగదు, ఎందుకంటే ఆ రుజువుల్లో చాలా భాగం మ్యూజియంల బీరువాల్లోనే ఉంది.